మొద్దుబారని కత్తి

పదునాయన చేసిన కత్తితో ఒకసారి ఒక అడవిపంది తోలు ఒలిచారట. పని ఎంత నున్నగా సాగిందంటే, చచ్చిన పందికి కూడా సంగతి తెలియక, సాయంత్రం చలేసి లేచి కూర్చుందట. దీనికి సాక్షి ఒక్కడే, పదునాయన. ఆ పేరు ఆయన కత్తులను చూసి పెట్టారో, నాలుకను చూసి పెట్టారో ఎవరికీ గుర్తులేదు.

ఆయన కొలిమి ఊరి చివర, బస్సులు వెనక్కి తిరిగే చోట ఉండేది. వేటకత్తులు తప్ప మరొకటి చేసేవాడు కాదు. కూరలు తరిగే కత్తి కావాలని ఎవరైనా వస్తే, ఎదురుగా ఉన్న సామాన్ల కొట్టు వైపు గడ్డం ఎత్తేవాడు. వేటకత్తుల్లోనూ రకాలున్నాయి. కీళ్లు విడదీసేది సన్నగా, వంగకుండా ఉండాలి. తోలు ఒలిచేది పొట్టిగా, బొజ్జతో ఉండాలి. దాని మొన మొండిగా పైకి తిరగాలి, లేకపోతే పేగు తెగి మాంసమంతా పాడవుతుంది.

"బొజ్జ ఉండాలి, గుచ్చే గుణం ఉండకూడదు. అచ్చం నాలాగే" అనేవాడు.

"బొజ్జ వరకు నిజమే" అనేది భార్య.

భార్య పోయాక ఆ మాట అనేవాళ్లు లేకపోయారు. వేటగాళ్లు కూడా ఫ్యాక్టరీ కత్తులకు అలవాటుపడ్డారు. మిగిలింది ఒక్క బావమరిది, ఆమె తమ్ముడు. ఏటా వేట సీజను మొదలయ్యే ముందు బస్సు దిగి, కత్తి పదునుకిచ్చి, బకెట్టు బోర్లించుకుని కూర్చునేవాడు. అక్క లేని ఇంటికి రావాలంటే మగవాడికి ఏదో ఒక పని చేతిలో ఉండాలి. అరగంటలో అయ్యే పదును పదునాయన చేతిలో సాయంత్రం బస్సు దాకా సాగేది.

ఒక ఏడు బావమరిది ఊరికే ఉండక అన్నాడు. "బావా, రెండు దుప్పులు ఒలిచేసరికి నీ కత్తి మొద్దుబారిపోయింది. నీ గొప్పలు మాత్రం మొద్దుబారవేం?"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పదునాయన పాత లారీ బేరింగు ఉక్కు సంపాదించి వానాకాలమంతా దానితో కుస్తీ పట్టాడు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచగానే టిక్కుమని చిట్లిన కత్తి రేకులు మూలన కుప్పపడ్డాయి. చివరికి ఒకటి నిలిచింది. దానికి కొమ్ము పిడి తొడిగి, బావమరిది చేతిలో పెట్టాడు.

"తీసుకోరా. ఇక పదును కోసం నా గడప తొక్కే పని లేదు నీకు."

గొప్ప కోసం అన్న మాటే. కానీ ఉక్కు మాట నిలబెట్టుకుంది. మరుసటి సీజను బావమరిది రాలేదు. ఆ తరువాతి సీజనూ రాలేదు.

"మీ బావమరిది కత్తి ఇంకా సానరాయి ముఖం చూడలేదట. ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు" అన్నాడు బస్సు కండక్టరు.

పదునాయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. బస్సు వెళ్లిపోయాక ఆ చెయ్యి అలాగే కిందికి జారింది. కత్తి మొద్దుబారకపోతే మనిషి కూడా రాడన్న సంగతి ఇన్నాళ్లూ ఆయన బుర్రకు తట్టలేదు.

తనే వెళ్లవచ్చు. కానీ కత్తి చేసినవాడు వెతుక్కుంటూ వెళ్లి అది ఎలా పనిచేస్తోందని అడిగితే, తన చేతిపని మీద తనకే నమ్మకం లేదని చెప్పుకోవడమే. ఆ వృత్తిలో అంతకు మించిన నగుబాటు లేదు. అందుకని బకెట్టు బోర్లించి ఉంచాడు. బస్సు ఆగినప్పుడల్లా కొలిమి తిత్తి ఊదడం ఆపి, దిగినవాళ్ల చెప్పుల చప్పుడు వినేవాడు. అవి సామాన్ల కొట్టు వైపు వెళ్లిపోయేవి. టీ కాచుకునేటప్పుడు చెయ్యి పొరపాటున రెండో గ్లాసు మీదికి పోయేది. చిట్లిన రేకుల కుప్పతోనే మాట్లాడేవాడు. "మీరే నయం. మీలో ఒకటి ఇచ్చి ఉంటే వాడు వారానికోసారి వచ్చి తిట్టిపోయేవాడు."

ఈసారి వేట సీజను ముందు గుమ్మంలో దగ్గు వినిపించింది.

"మొద్దుబారింది బావా" అన్నాడు బావమరిది, గుడ్డలో చుట్టిన కత్తి చాపుతూ. జుట్టు బాగా నెరిసింది.

పదునాయన కత్తిని వెలుతురుకు పెట్టి చూశాడు. తోలు ఒలిస్తే బొజ్జ దగ్గర అరుగుతుంది. కీళ్ల మీద వాడితే పిడి దగ్గర దెబ్బతింటుంది. ఇది పిడి నుంచి మొన దాకా ఒకే తీరుగా చచ్చిపోయి ఉంది. అంచుకు అడ్డంగా సన్నటి గీతలు. ఏ గడప బండ మీదో కూర్చుని రుద్దిన గీతలు. ఈ ఉక్కును అంత మొండి చేయాలంటే ఒక పూట చేతులు పడిపోవాలి.

నా కత్తి దానంతటది మొద్దుబారదురా అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. జన్మలో మొదటిసారి దాన్ని మింగాడు.

"పాడు ఉక్కురా ఇది. బేరింగు ఉక్కని నేనే మోసపోయాను. నమ్ముకుంటే పరువు తీస్తుంది. ఏటా తేవాలి."

బావమరిది నేల వైపు చూస్తూ అడిగాడు. "సీజను ముందేనా?"

"అయ్యాక కూడా."

"అనుకున్నాను. నీ గొప్పలు విని రెండేళ్లు పాడు చేసుకున్నాను" అంటూ బకెట్టు మీద కూర్చున్నాడు బావమరిది. కాసేపటికి, "అక్క తాగే గ్లాసు ఉందా ఇంకా?" అన్నాడు.

"ఉంది. టీ మరగనీ."

చివర నున్నటి రాయి మీద పడితేనే పదును నాలుగు కాలాలు నిలుస్తుంది. పదునాయన దాన్ని పక్కకు నెట్టి, అన్నిటికన్నా గరుకు రాయి మీద నీళ్లు చల్లాడు.