తిండి పెట్టని కణాలు

పీహెచ్‌డీ రోజుల్లో నాకూ, నా జూనియర్ అమ్మాయికీ కలిపి ఒకటే పని. మనిషి కణాల్లోంచి ఒక ప్రోటీన్‌ని తీసేస్తే అవి డీఎన్ఏకి నకలు తీసుకోగలవా, పెరగగలవా అన్నది చూడాలి. మామూలు కణాలు నా బాధ్యత, ప్రోటీన్ తీసేసినవి ఆమెవి. కలిసిపోకుండా, వెచ్చగా ఉంచే వేరువేరు ఇంక్యుబేటర్లలో పెట్టేవాళ్లం. సోమవారం పరీక్ష. ఆదివారం ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వచ్చి తప్పకుండా పాత ద్రవం తీసి కొత్తది పోయాలి. అదే వాటి తిండి.

ఆమె పద్మనాభం అనే ఊరి నుంచి బస్సులో వచ్చేది. తన క్యారియర్‌లో సగం నాకే పెట్టేది. తోబుట్టువులు లేని నాకు ఆ "అక్కా" అన్న పిలుపు ఎంతో ఇష్టం.

నకలు తీసుకుంటున్న కణాలు మైక్రోస్కోప్‌లో పచ్చగా మెరిసేలా రంగు వేసేవాళ్లం. నావి నిండా మెరిసేవి. ఆమెవాటిలో అక్కడొకటి, ఇక్కడొకటి. ప్రోటీన్ లేకపోతే నకలే ఆగిపోతుందని నమ్మాను. ఏడాదిన్నర పాటు అదే ఫలితం. గైడ్ నన్ను ఒక సదస్సులో మాట్లాడమన్నారు. ఆమె ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

తర్వాత ఆమెకు జ్వరమొచ్చి మూడు వారాలు రాలేదు. ఆమె కణాలకూ నేనే ద్రవం పోశాను. సోమవారం చూస్తే పచ్చగా మెరుస్తున్నాయి. నావాటికంటే కాస్త తక్కువ, అంతే. మరో రెండు వారాలు చేశాను. అదే.

ఆమె తిరిగొచ్చాక రికార్డు పుస్తకం ముందుపెట్టి, ఆదివారాలు నిజంగా వచ్చావా అని అడిగాను. ప్రతి ఆదివారం ద్రవం పోసినట్టు ఆమె చేతిరాత ఉంది.

"రాలేదక్కా. ఆదివారాలు అమ్మతో పొలానికెల్లేదాన్ని. ఒక్కరోజుకి ఏటవుద్దిలే అనుకున్నాను."

"తిండిలేక ఆగిపోయాయని నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు సదస్సుకి ఎల్లకముందే. నువ్వంత సంతోషంగా ఉంటే నాను సెప్పలేకపోయాను."

కోపం కూడా రాలేదు. మర్నాడు గైడ్‌కి చెప్పాను. అచ్చుకి పంపిన పేపర్ వెనక్కి తీసుకున్నారు. ఆమె చదువు మానేసింది. నేను మొత్తం మళ్లీ చేశాను. ఆ ప్రోటీన్ లేకపోతే నకలు నెమ్మదిస్తుంది, ఆగదు. ఆ చిన్న సంగతితోనే డిగ్రీ వచ్చింది.

మొన్న మా అమ్మకి రక్తపరీక్ష చేయించడానికి సీతమ్మధారలో ఒక క్లినిక్‌కి వెళ్లాను. లోపల సిరంజి పట్టుకుని ఆ జూనియర్ అమ్మాయే కనిపించింది. నన్ను చూసి లేచి నిలబడింది. అమ్మ చెయ్యి పట్టుకుని బయటికొచ్చేశాను. ఏటయిందని అమ్మ అడుగుతూనే ఉంది. ఇక్కడ బాగా చెయ్యరని చెప్పి, ఆటో పిలిచాను.