ఎస్తేరక్క జీపు ఆపిన రోజు

టైరులోంచి గాలి వదిలేటప్పుడు ఒక వాసన వస్తుంది. పాత రబ్బరు, తడి ఇనుము, కాస్త దుమ్ము కలిసిన చల్లటి వాసన. మొన్న తుక్కుగూడ దగ్గర పంచరు వేయించుకుంటుంటే అది ముఖానికి తగిలింది. ఆలోచించకుండానే పక్కకు జరిగాను. "భయమా మేడం?" అని దుకాణం అతను నవ్వాడు. అది భయం కాదు, ఎస్తేరక్క చేసిన అలవాటు.

ఇబ్రహీంపట్నం దాటాక ఎస్తేరక్కకు కొంత గుట్ట నేల ఉండేది. చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయిపోతున్న ఆ రోజుల్లో కూడా గుండ్లతో నిండిన ఆ నేలను ఎవరూ అడగలేదు. అక్క అందులోనే దారులు తీయించి, పాత జీపులు కొని, రాళ్ళ మీద బండి నడపాలని సరదాపడి నగరం నుంచి వచ్చేవాళ్ళకు నేర్పడం మొదలుపెట్టింది. ఆదిభట్లలో ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్న నేను కొంగరకలాన్ నుంచి స్కూటీ మీద వెళ్ళి పని అడిగాను. ట్రాక్టర్ నడుపుతానని గొప్పగా చెప్పుకున్నాను. "నడుపుడు తర్వాత. ముందుగాల చక్రం నేర్సుకో" అంది అక్క.

ఆ జీపులకు బీడ్‌లాక్ చక్రాలుండేవి. టైరు అంచును చక్రానికీ ఒక ఇనుప రింగుకీ మధ్య పెట్టి, చుట్టూ బోల్టులతో బిగిస్తారు. రాళ్ళ మీద పట్టు కోసం గాలి బాగా తగ్గించినా టైరు ఊడిరాదు. కానీ లోపల గాలి ఉండగా ఆ బోల్టులు విప్పితే రింగు ఎగిరి మనిషి మీదికి వస్తుంది. "వాల్వు పిన్ను తీసి గుప్పిట్ల పెట్టుకో. అది నీ చేతుల లేకుంటె పానా గూడ నీ చేతుల ఉండొద్దు" అనేది అక్క. బిగించేటప్పుడు ఒక బోల్టు తర్వాత పక్కది కాదు, ఎదురుగా ఉన్నది. అదీ ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా. చివర బిగువు కొలిచే టార్క్ రెంచితో సరిచూసి, బోల్టు మీదా రింగు మీదా కలిపి తెల్ల రంగుతో గీత గీయాలి. గీత విరిగితే బోల్టు కదిలినట్టు. బండి ఒక చుట్టు తిరిగొచ్చాక అన్నీ మళ్ళీ చూడాలి.

ఇంత పట్టుదల ఎందుకో ఆమె భర్త దేవదాసన్న చెప్పాడు. వచ్చినవాళ్ళకు హెల్మెట్లు ఇస్తూ షెడ్డు ముందు కూర్చునే ఆయన ఎడమ దవడ లోపలికి నొక్కుకుపోయి ఉండేది. మాటలు నమిలినట్టు వచ్చేవి. "గాలి మొత్తం పోయిందనుకున్న చెల్లె. జర మిగిలింది. గాలి కనవడదు గద" అన్నాడు. ఆ తర్వాత నాకు ఎవరూ గుర్తుచేయాల్సిన అవసరం రాలేదు.

నగరం నుంచి వచ్చిన ఒక క్లబ్బు వాళ్ళు ఆ గుట్ట మీదే పోటీ పెట్టారు. నేనూ దిగాను. నేను ఉద్యోగం మానేశానని అలిగి మాట్లాడటం తగ్గించిన బాపు కూడా చూడటానికి వచ్చాడు. అందరికంటే ముందున్నాను. చివరి ఎక్కుడు మిగిలింది. అక్క వంగి చక్రం చుట్టూ చేయి పోనిచ్చింది. రెండు బోల్టుల తలలు తెగిపోయాయి. ఆ కొలతవి వేరే లేవు.

"దిగు శిరీషా."

"ఒక్క ఎక్కుడే గదక్కా!"

"అవ్. దిగు."

ఏడుస్తూ దిగాను. పోటీ అయ్యాక గాలి తీసి విప్పి చూస్తే మిగతా బోల్టులన్నీ గట్టిగానే ఉన్నాయి. రింగు వంగలేదు. "సూసినవా, ఏం గాకపోతుండె" అన్నాను కోపంగా. "గాకపోవచ్చు. నాకు తెల్వదు. తెల్వకుంట నిన్ను పైకి తోల్తనా?" అని, విప్పిన బోల్టులు ఏరుతూ, "నువ్వు గెలుస్తవని నాగ్గూడ మస్తు ఆశుండె" అంది. ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూటీ వెనక కూర్చున్న బాపు ముందుకు వంగి అన్నాడు. "ఆమె దగ్గర్నే ఉండు బిడ్డా."

మరుసటి వారం నుంచి చక్రాలు చూసే పని అక్క నాకే అప్పగించింది. కొన్నాళ్ళకు, తమ ఉద్యోగులను ఏడాదంతా అక్కడికి పంపాలా వద్దా అని చూసుకోవడానికి ఒక కంపెనీ పెద్దలు వచ్చారు. వాళ్ళను ఎక్కించుకుని అక్కే స్టీరింగు ముందు కూర్చుంది. వెనక చక్రం మీద ఒక గీత విరిగి ఉంది. బిగించబోతే బోల్టు ఊరికే తిరుగుతోంది, మరలు అరిగిపోయాయి. అందరి ముందూ ఎలా చెప్పాలో తెలియలేదు. పానా పక్కన పెట్టి లేచి స్టీరింగు వైపు వెళ్ళాను.

"అక్కా, దిగాలె."

ఆమె నా ముఖం చూసింది. ఎందుకని అడగలేదు. ఇంజను ఆపి, దిగి, "ఇయ్యాల గీ బండి నడువది సార్. మా చెల్లె వద్దన్నది" అంది. వాళ్ళు చాయ్ తాగి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

"నా వల్లనే పోయిన్రక్కా" అన్నాను సాయంత్రం.

"నువ్వు వద్దన్నప్పుడు నేను దిగకుంటె, రేపు నువ్వు వద్దంటవా?" అంది. నా భుజం మీద చేయి వేసి, "రా, తిందాం" అని షెడ్డులోకి తీసుకెళ్ళింది.

తర్వాత గుట్టకూ ధర వచ్చింది. నేల అమ్మేసి వాళ్ళిద్దరూ అక్క పుట్టినూరికి వెళ్ళిపోయారు. ఇప్పుడు నేను ఒక బడి బస్సుల బాగోగులు చూస్తున్నాను. పొద్దున్నే ఎవరైనా డ్రైవరు వచ్చి "మేడం, బ్రేకు మంచిగనిపిస్తలేదు" అంటే, ఆలస్యమవుతుందని తెలిసినా, తల్లిదండ్రులు ఫోన్లు చేస్తారని తెలిసినా వెంటనే వేరే బస్సు తీయిస్తాను. వద్దని చెప్పడానికి అతను ఎంత ధైర్యం కూడగట్టుకుని వచ్చాడో నాకు తెలుసు. ఆ మాట నా నోట వచ్చిన మొదటిసారి, ఎదురుగా ఉన్న మనిషి ఎస్తేరక్క కావడం నా అదృష్టం.