మరిచిన తువ్వాలు

మలికిపురం కొబ్బరి వ్యాపారి వీరభద్రరావు ప్రతి ఆదివారం స్నేహితులతో కలిసి కాలువగట్టు వెంట చాలా దూరం పరుగెత్తుతాడు. ముందు బొజ్జ, వెనక ఆయన, మెడలో ఎర్ర తువ్వాలు. ఎప్పుడూ ఆఖరే. ఓ ఆదివారం మాత్రం, మిగతావాళ్ళు వంతెన చుట్టి వచ్చేసరికి అవతలి గట్టు మీద ముందే నిలబడి ఉన్నాడు. అందరూ భుజం తట్టారు. ఆయన కాదనలేదు. బొండాలు కొట్టించి మొదటిది ఆయన చేతికే ఇచ్చారు. అంతలో పడవ నడిపే దుర్గమ్మ రేవులోంచి పరుగున వచ్చింది.

"తువ్వాలు పడవలో మర్చిపోయేరండీ!"

ఎవరూ నవ్వలేదు. "ఆయ్, తాగండి బావగారూ," అన్నాడో స్నేహితుడు, తల పక్కకి తిప్పుకుని. ఆ తర్వాత ప్రతి ఆదివారం మళ్ళీ ఆయనే ఆఖరు. రేవు దగ్గర దుర్గమ్మ, "రండి బాబుగారూ, దాటించేస్తాను," అని ఆప్యాయంగా పిలుస్తుంది. ఊపిరాడకపోయినా, అక్కడ మాత్రం ఆయన వేగం పెంచుతాడు.