బడి మంటలో పేలిన విత్తనం కంకి

ఈ ఉదయం చలిలో, ఈ ఎడారి దేశంలో మేముండే జెబెల్ అలీ కూలీల క్యాంపు ముందు కంపెనీ బస్సు కోసం నిలబడితే, వంటగదిలోంచి మొక్కజొన్న కంకులు, మన మక్కలు, కాలే వాసన వచ్చింది. మా బిహారీ రూమ్మేట్ పని అది. నాలుగో తరగతి దోస్తులారా, మన బడి మంట గుర్తుందా?

కిటికీలకు రెక్కల్లేవు, కట్టెలు కొనే స్తోమత బడికి లేదు. అందుకే చలికాలమంతా తలా రెండు మక్క బెండ్లు తెమ్మనేవారు సారు. గింజలు ఒలిచేసిన ఆ ఎండు బెండ్లతోనే మంట. తేనివాళ్లు కిటికీ కింద కూర్చుని వణకాల్సిందే!

ఒకరోజు మా ఇంట్లో బెండ్లు అయిపోయాయి. అమ్మ విత్తనానికని దూలానికి కట్టిన కంకిని తెచ్చి మంటలో వేశాను. టపటపా పేలాలు ఎగిరాయి! ఒకటి సారు కళ్లద్దాలకే తగిలింది. బడంతా ఒకటే నవ్వు.

అంతలో దూలానికి కంకి లేదని చూసిన అమ్మ కట్టె పట్టుకుని వచ్చింది.

"విత్తనం కంకి మంటలేసినవారా?"

నేను సారు వెనక దాక్కున్నాను. ఆయన గుప్పెడు పేలాలు అమ్మ చేతిలో పోశారు.

"ముందుగాల ఇవి తినమ్మా."

అమ్మ నమిలింది. కట్టె కిందికి దిగింది.

"ఉప్పు లేదు సారూ."

మర్నాడు పక్కింట్లో అడిగి తెచ్చిన బెండ్లతో పాటు నాకు ఉప్పు పొట్లం కూడా ఇచ్చి పంపింది.

ఇవాళ బస్సెక్కుతూ, ఉప్పు వెయ్యమని వంటగది వైపు అరిచాను: "భాయ్, నమక్ డాలో!"