మామిడిపండ్లకి బెర్తు ఇచ్చిన మా అమ్మ

మా చిన్నతనంలో మామిడికాయలు కూడా రైల్లో పడుకుని వెళ్లేవండీ... నవ్వకండి, నిజం!

అప్పట్లో మా నాన్న రెడ్డిగూడెం దగ్గర మామిడితోట కౌలుకి చేసేవాడు. మా సుగుణక్క మద్రాసులో నర్సు చదువుకి వెళ్లింది. మా ఇంట్లో ఊరు దాటి చదువుకున్న మొదటి మనిషి! కానీ అక్కడి భాష రాదు, ఒకటే బెంగ... "ఇక్కడ ఉండలేను, వచ్చి తీసుకెళ్లండి" అని కబురు చేసింది.

"పిల్ల ఏడుస్తోందే, తెచ్చేసుకుందాం" అన్నాడు నాన్న. అమ్మకేమో అక్కని నర్సుగా చూడాలని ప్రాణం. అయినా ఎదురు చెప్పలేదు. "ఈ ఏడు అది పండు నోట పెట్టలేదు... ముందు కాయలు పట్టుకెళ్దాం" అంది, అంతే.

పండుతున్న చిన్నరసాలు గంపలో వరిగడ్డి వేసి సర్ది, బెజవాడలో రాత్రి బండి ఎక్కాం. నాన్నది పై బెర్తు, నాది మధ్య బెర్తు, అమ్మది కింద. అబ్బ... ఆ రైలు, ఆ ఊపు, కిటికీలోంచి ఆ గాలి! నేనైతే రాజునే అనుకున్నాను.

కిందకి తొంగి చూద్దును కదా... అమ్మ తన బెర్తు మీద గడ్డి పరిచి, కాయల్ని వరసగా పడుకోబెడుతోంది! గంపలో ఉంటే అడుగువి వేడికి ఉడికిపోతాయట. తను మాత్రం బెర్తు చివర, నా బెర్తు తలకి తగలకుండా మెడ వంచుకుని కూర్చుంది. కాయలు దొర్లిపోకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

టిక్కెట్లు చూసే ఆయన వచ్చి ఆగిపోయాడు. "ఏంటమ్మా ఇది? బెర్తు మీకా, కాయలకా?"

"టిక్కెట్టు నాదేనండీ బాబూ. నాకు కూర్చోవటం అలవాటే. పాపం, అయ్యి కూర్చోలేవు కదండీ!"

ఆయన పకపకా నవ్వేసి, "సరే, వాటిని లేపకుండా వెళ్తాలే" అని నిజంగానే మెల్లగా నడుచుకుంటూ వెళ్లాడు. ఎంత మంచి మనిషో!

తెల్లారి హాస్టలుకి వెళ్లేసరికి అక్క పెట్టె సర్దుకుని కూర్చుని ఉంది. అమ్మ చదువు మాటే ఎత్తలేదు. పండు చేతిలో పెట్టింది. అక్క చీకుతుంటే రసం మోచేతుల దాకా కారింది... నేను ఊరుకోలేక, "అమ్మ రాత్రంతా పడుకోలేదక్కా, బెర్తు నీ పళ్లకే ఇచ్చేసింది" అన్నాను.

అక్క చీకడం ఆపేసింది. చూస్తే అమ్మ మెడ పక్కకి తిరగటం లేదు.

అక్క గబగబా చేతులు కడుక్కుని, వేడినీళ్లలో గుడ్డ ముంచి పిండి, అమ్మ మెడకి కాపడం పెట్టింది. వేళ్లతో ఎక్కడ నొక్కాలో అక్కడే నొక్కింది. అమ్మ కళ్లు మూసుకుని, "ఓసి నా తల్లీ, ఎంత హాయిగా ఉందే! ఇదంతా ఇక్కడే నేర్పారా? ఇంకా ఏం నేర్పుతారే?" అంది.

అంతే... అక్క చెప్పడం మొదలెట్టింది. కట్లు కట్టడం, పసిపిల్లలకి స్నానం చేయించడం... చెబుతూనే ఉంది. ఆ ముఖంలో వెలుగు చూడాలండీ!

సాయంత్రం నాన్న లేచి, "మరి పెట్టె తీసుకోనా అమ్మా?" అన్నాడు.

"పెట్టె ఉండనీ నాన్నా... ఖాళీ గంప తీసుకెళ్లండి" అంది అక్క.

ఆ అక్కని చూసే మా చిన్నమ్మాయి కూడా నర్సు అయింది! పోయిన వారం దాన్ని ఉద్యోగంలో దింపడానికి అదే మద్రాసు దారిలో వెళ్లాం. నా ఆనందం ఏమని చెప్పనండీ! ఏసీ బోగీ, దిండు, దుప్పటి, అన్నీ వాళ్లే ఇచ్చారు. పండ్లు ముందే పార్సిల్లో వెళ్లిపోయాయి. అందరం తెరలు వేసుకుని హాయిగా నిద్రపోయాం...

సుఖం వచ్చింది, మంచిదే. కానీ ఒకరి కోసం ఒకరు తెల్లార్లూ మేలుకునే పనే లేకుండా పోయింది...

మీ కోసం మీవాళ్లు రైల్లో ఏం మోసుకొచ్చేవారండీ? చెప్పండి, ఒక్కటి కూడా వదలకుండా చదువుతాను.