పసిబిడ్డ ప్రతిష్ఠ రోజున మా అన్నయ్య చేసిన ప్రార్థన

సముద్రానికి హద్దు నియమించిన దేవునికి, ఆ హద్దులు దాటి వచ్చిన మాలాంటివాళ్ళను కూడా ఇంతవరకు కాపాడిన దేవునికి స్తోత్రం. ఏ దేశంలో నిలబడి పిలిచినా పలికే తండ్రికి స్తోత్రం. ఈ సంగతి రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టినా నా మీద విసుక్కోని ఆయన కృపకు స్తోత్రం.

మేము కెనడాలోని బర్నబీలో ఉంటాం. మా తెలుగు సహవాసం ఆదివారం మధ్యాహ్నం వేరే సంఘంవాళ్ళ గుడి బేస్‌మెంట్‌లో కూడుకుంటుంది. పొద్దున వాళ్ళ ఆరాధన అయిపోయాక కుర్చీలు సర్దుకొని, ఢోలక్ తెచ్చుకొని మేం మొదలుపెడతాం. కాకినాడ వైపువాళ్ళు, ఒంగోలు వైపువాళ్ళు, హైదరాబాద్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, అందరం కలిపి ఓ నలభై మందిమి.

మా అన్నయ్య నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మోకాళ్ళూని ప్రార్థన చేయడం నాకు నేర్పింది అన్నయ్యే. ఇంగ్లండ్ వెళ్ళి చాలా ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు, అక్కడి పౌరుడయ్యాడు, అక్కడి తెలుగు సంఘంలో పెద్ద అయ్యాడు. ఒక్కతే కూతురు. ఆ పిల్ల పోర్చుగల్ దేశస్థుడైన ఒక ఎలక్ట్రీషియన్ని ఇష్టపడితే, అందరూ అనుకున్నట్టు అన్నయ్య అడ్డుపడలేదు. "విశ్వాసి అయితే చాలురా, రంగుతో, రాష్ట్రంతో మనకేంటి" అన్నాడు. దగ్గరుండి అల్లుడికి బాప్తిస్మం ఇప్పించాడు. ఆ అబ్బాయి కూడా అన్నయ్యను నోరారా డాడ్ అని పిలిచేవాడు.

అన్నయ్య మనసులో ఇంకొకటి కూడా ఉండేది. మా చిన్నప్పుడు కన్వెన్షన్ కూటాల్లో బోధకులు గుడ్డ మీద పెద్ద బొమ్మ గీసి తెచ్చేవారు. ప్రకటన గ్రంథంలోని ఎర్రటి మృగం, దానికి పది కొమ్ములు. అంత్యదినాల్లో యూరప్ దేశాలన్నీ ఒకటవుతాయనీ, ఆ మృగం అదేననీ కర్రతో చూపించి చెప్పేవారు. నేను పెద్దయ్యాక ఆ బొమ్మను మరచిపోయాను. అన్నయ్య మరచిపోలేదు. బ్రిటన్ ఆ యూరప్ కూటమి నుంచి బయటికి రావాలా వద్దా అని ఓటు పెట్టినప్పుడు, అన్నయ్యకు అది రాజకీయం కాదు, లేఖనం.

"దేశాలు ఇరవై ఎనిమిది కదా అన్నయ్యా, కొమ్ములేమో పదేనాయె" అని ఒకసారి ఫోన్‌లో అన్నాను.

"మిగతావి పిల్లకొమ్ములురా" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పట్లో ఇంకా నవ్వగలిగేవాళ్ళం.

ఓటు అయ్యాక అల్లుడికి పని దగ్గర రోజూ ఒకటే జోక్. "మీ దేశానికి నువ్వెప్పుడు వెళ్తున్నావ్?" అడిగేవాళ్ళు మంచివాళ్ళే, టీ ఇచ్చి మరీ అడిగేవాళ్ళట. కానీ రోజూ అడిగేవాళ్ళు. కొంతకాలానికి అతను నిజంగానే వెళ్ళిపోదామన్నాడు. కెనడాకు అప్లై చేశారు, శాశ్వతంగా ఉండడానికి పీఆర్ వచ్చింది, నేనున్నానని బర్నబీకే వచ్చారు. మరుసటి ఏడు పాప పుట్టింది.

పాప ప్రతిష్ఠకు అన్నయ్య, వదిన ఇంగ్లండ్ నుంచి వచ్చారు. మాలో శిశువులకు బాప్తిస్మం ఇవ్వరు, బిడ్డను దేవునికి ప్రతిష్ఠ చేస్తారు. కుటుంబంలో పెద్దవాడు బిడ్డను చేతుల్లోకి తీసుకొని ప్రార్థన చేస్తాడు. రాసుకొని చదివేది కాదు, ఆత్మ ఎలా నడిపిస్తే అలా. మధ్యలో ఎవరూ ఆపకూడదు.

అప్పుడు సరిగ్గా బ్రిటన్ ఒప్పందం ఏదీ లేకుండానే బయటికి వచ్చేస్తుందా అని ప్రపంచమంతా మాట్లాడుకుంటున్న రోజులు. ఎయిర్‌పోర్ట్ నుంచి కారులో వస్తుంటే, వెనక సీట్లో పాపను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న మా అమ్మాయే (అన్నయ్య కూతుర్ని నేను అలాగే అంటాను) ఆ మాట ఎత్తింది.

"డాడీ, డీల్ లేకుండా వెళ్ళిపోతే మందులు కూడా దొరకవంటున్నారు. అమ్మ బీపీ టాబ్లెట్స్ స్టాక్ పెట్టుకున్నారా?"

"ఇశ్రాయేలు ప్రజలు ఐగుప్తులోంచి బయలుదేరినప్పుడు అక్కడి రాజుతో అగ్రిమెంట్ రాసుకున్నారా అమ్మా?" అన్నాడు అన్నయ్య ముందు సీట్లోంచి.

"వాళ్ళలా పులియని పిండి మూట కట్టుకొని రాత్రికి రాత్రి బయలుదేరింది మీరు కాదు డాడీ. మేము."

నేను రోడ్డు మీదే చూపు పెట్టి డ్రైవ్ చేస్తున్నాను. వదిన మాత్రం, "వచ్చిన పూటే మొదలుపెట్టారా! ఏవండీ, పాప ముక్కు చూడండి, అచ్చు మీ అమ్మగారిది" అంది. అన్నయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపులో ఉన్న ప్రేమ నేను ఎన్నటికీ అబద్ధమనలేను.

శనివారం సాయంత్రం మా వంటింట్లో అమ్మాయి తండ్రి దగ్గరికి వచ్చి నిలబడింది.

"డాడీ, ఒక్కటి అడుగుతాను. రేపు పాప కోసం మాత్రమే ప్రార్థన చెయ్యండి. ప్లీజ్. ఇంకేదీ వద్దు."

"పిచ్చిపిల్లా, నా మనవరాల్ని చేతుల్లో పెట్టుకొని ఇంకెవరి కోసం చేస్తానే?"

ఆదివారం వాన పడుతోంది. వదిన స్వయంగా కుట్టి తెచ్చిన తెల్లగౌనులో పాప అన్నయ్య చేతుల్లో నిద్రపోతోంది. అన్నయ్య కళ్ళు మూసుకొని మొదలుపెట్టాడు. ఆ గొంతు మారలేదు. పాప కళ్ళను ఆశీర్వదించమన్నాడు, పాదాలను తప్పటడుగు వేయనీయవద్దన్నాడు. కష్టపడి సంపాదించే తండ్రి చేతులను కాపాడమన్నాడు. అల్లుడి పేరు పెట్టి మరీ అడిగాడు. ఒక్కో మాటకు హాలంతా "ఆమెన్" అంటోంది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకుంటున్నారు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

అక్కడ ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది.

"ప్రభువా, ఈ బిడ్డ తల్లి పెరిగిన దేశాన్ని కూడా జ్ఞాపకం చేసుకో. ఆ మృగం కాడి కింద నుంచి మమ్మల్ని తప్పించు. ఏ ఒప్పందమూ వద్దు తండ్రీ, ఏ షరతూ, ఏ మెలికా వద్దు. ఇల్లు ఊడ్చినట్టు ఆ దేశాన్ని ఊడ్చి శుభ్రం చెయ్యి. బయటినుంచి వచ్చి చేరిన ప్రతిదాన్నీ తీసివెయ్యి."

నేను కళ్ళు తెరిచాను. మా అమ్మాయి కళ్ళు తెరిచే ఉన్నాయి. మిగతావాళ్ళు అలవాటు కొద్దీ "ఆమెన్" అన్నారు. వాళ్ళకేం తెలుసు, ఊపులో ఉన్న ప్రార్థన. అందరికంటే గట్టిగా అన్నది మాత్రం ఆమె భర్త. అతనికి తెలుగు రాదు. అతనికి అర్థమైనవి తన పేరు, పాప పేరు, అతని భాషలోనూ ఉన్న ఆ ఒక్క మాట. కళ్ళు గట్టిగా మూసుకొని, చేతులు జోడించి, చెంపల మీద నీళ్ళు కారుతుండగా, తన బిడ్డ దీవెన అనుకొని, దానికి ఆమెన్ అన్నాడు.

ప్రార్థన అయ్యాక అమ్మాయి వెళ్ళి పాపను తీసుకుంది. లాక్కోలేదు. రెండు చేతులూ పాప కింద పెట్టి, మెల్లగా తీసుకుంది.

భోజనాల దగ్గర, బిర్యానీ ట్రేల పక్కన నిలబడి భర్తకు అంతా ఇంగ్లీషులో చెప్పింది. అతను కోప్పడతాడనుకున్నాను. ప్లేటు టేబుల్ మీద పెట్టి అన్నయ్య దగ్గరికి వచ్చాడు.

"దానికి నేను ఆమెన్ అన్నాను, డాడ్" అన్నాడు. అంతే.

అన్నయ్య మొహం పాలిపోయింది. "నిన్ను కాదు నాన్నా! నువ్వు మావాడివి. నేనన్నది ఆ వ్యవస్థను" అని అతని భుజం పట్టుకున్నాడు. అతను ఆ చెయ్యి తీయలేదు, దాని మీద తన చెయ్యీ వేయలేదు.

"ఆ ప్రార్థన వెనక్కి తీసుకోండి డాడీ" అంది అమ్మాయి. "ఇప్పుడే. మళ్ళీ మోకరించి, వద్దని చెప్పండి."

"దేవుడి సన్నిధిలో అన్న మాట వెనక్కి తీసుకోవడమేంటే? రెఫరెండం అనుకున్నావా, మళ్ళీ పెట్టమనడానికి?"

అన్నయ్యకు మాటకు మాట అనడం చిన్నప్పటి నుంచీ అలవాటు. అన్నాక తనే నొచ్చుకున్నాడని నాకు తెలిసింది. అప్పటికే ఆమె పాపకు కోటు తొడుగుతోంది. వదిన ఆమె వెంట మెట్ల దాకా వెళ్ళి, "అమ్మలూ, మీ నాన్న సంగతి నీకు తెలియందా, ఈ ఒక్కసారికీ..." అంటూనే ఉంది.

ఆ తరువాత ఇద్దరితోనూ ఎన్నిసార్లు మాట్లాడానో. ఇద్దరూ విశ్వాసులే కాబట్టి ఇంత గట్టిగా నిలబడిపోయారు. ప్రార్థనంటే నమ్మకం లేనివాళ్ళయితే ఏవో నాలుగు మాటలు అనుకొని ఎప్పుడో నవ్వేసేవారు. అన్నయ్య, దేవునితో పలికినది రద్దు చేస్తే ఇక ఏ ప్రార్థనకూ విలువ ఉండదంటాడు. అమ్మాయి, తన భర్తను ఊడ్చెయ్యమని దేవుణ్ణి అడిగిన నోటితో తన బిడ్డకు దీవెన వద్దంటుంది. ఎవరికి ఏ వాక్యం చూపించాలో నాకు తెలియలేదు. చూపించినా రెండోవాళ్ళు ఇంకొకటి చూపిస్తారు, ఇద్దరికీ నాకంటే ఎక్కువ వచ్చు.

చివరికి ఆ దేశం ఏదో ఒక ఒప్పందం రాసుకునే బయటికి వచ్చింది. ఆ వారం అన్నయ్య ఫోన్ చేశాడు. గొంతులో గెలిచిన సంతోషం లేదు.

"చూశావా, అగ్రిమెంట్‌తోనే వచ్చాం. నేనడిగింది దేవుడు వినలేదురా. ఇంకా దానికి కోపమెందుకో అడుగు."

వెళ్ళి అడిగాను. అమ్మాయి గిన్నెలు కడుగుతోంది, నావైపు తిరగలేదు.

"దేవుడు వినలేదు బాబాయ్. నేను విన్నాను" అంది.

ఇప్పుడు పాప బడికి వెళ్తోంది. అన్నయ్యకు గుండె ఆపరేషన్ అయింది, ఇక దూరప్రయాణాలు వద్దన్నారు డాక్టర్లు. అంటే మా అమ్మాయే వెళ్ళాలి. ఆ మాటెత్తితే ఆమె లేచి వేరే గదిలోకి వెళ్తుంది. వదినకు ఫోటోలు పంపిస్తుంది, తండ్రికి పంపదు. వదిన వాటిని అన్నయ్యకు చూపిస్తుందని ఆమెకూ తెలుసు. దాన్ని కృప అనుకొని నేను ఊరుకుంటాను.

పోయిన ఆదివారం అన్నయ్య ఫోన్‌లో ఆయాసపడుతూ అడిగాడు.

"పాప తెలుగులో ప్రార్థన చేస్తుందా రా?"

"చేస్తుంది అన్నయ్యా. మేమే నేర్పాం."

"ఎవరి కోసం చేస్తుంది?"

"ఇంట్లో అందరి కోసం."

"ఆ అందరిలో నేనున్నానా?" అన్నాడు.

మందులు వేసుకున్నావా అని మాట మార్చాను. ఆ ప్రశ్న ఇంకా నా దగ్గరే ఉంది. అందుకే ఇది చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఏ సంఘంవారైనా, ఏ పక్షంవారైనా, పుస్తకం మూసేముందు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ఎవరిది తప్పో ఆయనకు చెప్పకండి, ఆయనకు తెలుసు. ఒక ముసలి తండ్రి ఊపిరి ఇంకొంతకాలం నిలపమనీ, ఈలోగా ఆ కూతురి కాళ్ళను ఇంగ్లండ్‌లోని ఆ ఇంటి గుమ్మం దాకా నడిపించమనీ మాత్రం అడగండి.