కుర్చీ వెనక టీచరమ్మ

పోయిన ఆదివారం, మా అమ్మాయి ఉంటున్న ఈ పరాయి దేశంలో, టోవా పాయోలోని హాకర్ సెంటర్‌కి, అంటే ఒకే కప్పు కింద బోలెడు తిండి దుకాణాలుండే చోటుకి, భోజనానికి వెళ్ళినప్పుడు, మా మనవరాలు మాకంటే ముందు పరుగెత్తి, ఖాళీగా కనిపించిన బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్టు పడేసింది. "చోప్ చేశా తాతయ్యా, ఇంక ఎవరూ రారు లా," అని ఇక్కడి యాసలో నాకు భరోసా ఇచ్చి, వాళ్ళ అమ్మమ్మ చెయ్యి పట్టుకుని వరసలో నిలబడడానికి వెళ్ళిపోయింది. చోప్ అంటే సీటు పట్టుకోవడం. మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేయడం లాంటిదే, కాకపోతే ఇక్కడ ఆ తువ్వాలు గురించి ఎవరూ కొట్టుకోరు. నేను కూర్చుని చూస్తుండగానే ఒక పెద్దాయన పళ్ళెం పట్టుకుని వచ్చి, ఆ ప్యాకెట్టు చూసి, మారు మాట లేకుండా పక్క బల్లకి వెళ్ళిపోయాడు. ఎవరి చోటు ఏదో చెప్పడానికి ఇంత చిన్న వస్తువు చాలుతుందా అని నాకు ఆశ్చర్యం వేసింది. కాపురం కొత్తలో ఈ ఒక్క సంగతి తేల్చలేక మా ఇంట్లో వారం పది రోజుల పాటు అన్నాలు సహించలేదు మరి.

అప్పటికి నేను విజయవాడలో ఒక తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటర్ని. మా ఆవిడ విదేశాంగ శాఖలో అధికారి. పెళ్ళయిన నెలకే ఆవిడకి మొదటి విదేశీ ఉద్యోగం పడింది, ఉద్యోగానికి సెలవు పెట్టి నేను వెంట బయలుదేరాను. మగవాడు పెళ్ళాం వెంట కాపురానికి వెళ్ళడం మా డెస్కులో అంతకుముందు ఎవరూ విని ఉండలేదు. "ఒరేయ్, సారెలోకి చలిమిడి ఎంత చేయించమంటావు?" అని మా చీఫ్ సబ్ అడిగితే, డెస్కంతా బల్లలు చరిచి నవ్వింది. నేనూ నవ్వాను గానీ, రైలెక్కాక ఆ మాట చాలా దూరం నాతో వచ్చింది.

ఆ దేశం పేరు రాయను. నేను చెప్పబోయే మనుషుల తాలూకు వాళ్ళు ఇంకా అక్కడ ఎవరైనా ఉంటే, వాళ్ళు అక్కడే బతకాలి. ఏళ్ళ తరబడి సైనికుల పాలనలో ఉండి, ఎన్నికలు పెడతామని అప్పుడే ప్రకటించిన చిన్న దేశం అని చెబితే చాలు. సాయంత్రం అయితే ఇంకా కర్ఫ్యూ ఉండేది. పగలు మాత్రం వీధుల్లో జెండాలు, ఊరేగింపులు, నిన్నటిదాకా గుసగుసగా మాట్లాడిన మనుషులు గొంతు విప్పి అరవడం. పత్రికలవాడు జన్మలో ఒక్కసారి చూసే దృశ్యం అది, నేను రోజూ బాల్కనీలోంచి చూసేవాణ్ణి, ఒక్క ముక్క రాయడానికి వీల్లేదు. దౌత్యాధికారి ఇంట్లో మనిషి పత్రికలకి రాయకూడదని నియమం. వేళ్ళు దురద పెడితే వంకాయలు తరిగేవాణ్ణి.

పొద్దు పోవడానికి ఆ దేశపు భాష నేర్చుకుందామనుకుంటే, ఆఫీసు వాళ్ళు ఒక టీచరమ్మని కుదిర్చారు. బడిలో పనిచేసి మానేసిన మనిషి, మా అమ్మ వయసు ఉంటుంది, ఇంగ్లీషు చక్కగా మాట్లాడేది. పాఠం చెప్పినంతసేపూ వీపు వాల్చేది కాదు. నేను పత్రికలో పనిచేశానని తెలిశాక గానీ సొంత సంగతి చెప్పలేదు. ఆవిడకి ఒక్కడే తమ్ముడు, తల్లి పోతే ఈవిడే పెంచింది. అచ్చాఫీసులో కంపోజిటరు, కుర్రతనంలో ట్రెడిల్ అచ్చు మిషనులో పడి కుడి చూపుడువేలు సగం పోయినా, మిగిలిన వేళ్ళతోనే అక్షరాలు కూర్చేవాడట. సైనికులకి వ్యతిరేకంగా ఏవో కరపత్రాలు అచ్చువేశాడని పట్టుకుపోయారు, ఉత్తరాన కొండల్లోని పాత జైలుకని ఎవరో అన్నారట, ఆ తర్వాత కబురు లేదు. ఎన్నికల ముందు ప్రభుత్వం వదిలిపెట్టిన ఖైదీల్లో అతను లేడు. పేరు పెట్టి అడిగినవాళ్ళ మనుషుల్ని రాత్రికి రాత్రి ఇంకెక్కడికో మార్చేస్తున్నారని ఊరంతా చెప్పుకునేవారు కాబట్టి, ఆవిడ ఎవర్నీ అడగలేదు. ఉన్నాడో లేడో తెలిస్తే చాలు, ఇంకేం అక్కర్లేదంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా రాయబారి గారు ఒక మధ్యాహ్న విందు తలపెట్టారు. దిగిపోబోయే మంత్రులు, జైలునుంచి అప్పుడే వచ్చిన నాయకులు, అందరూ భార్యలతో సహా ఒకే కప్పు కింద. ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చే పని, అందరికంటే చిన్న అధికారి గనక, మా ఆవిడ నెత్తిన పడింది. ఇవాళ మంత్రి ఎక్కువా, రేపు మంత్రి కాబోయేవాడు ఎక్కువా? పేర్లు రాసిన అట్టముక్కలు మా భోజనాల బల్ల మీద పేర్చేది, తీసేది, తల పట్టుకునేది. చివరికి ఒకరోజు పప్పు తాలింపు వేస్తూ ఆగిపోయింది. "ఏమండీ, ఈ పోపుల పెట్టె చూడండి. దీనికి తల ఎక్కడ, తోక ఎక్కడ?" అంది. అలా గుండ్రటి బల్లలు ఖాయమయ్యాయి.

మిగిలినవాణ్ణి నేను. భార్య అధికారి, భర్త ఊరికే వచ్చినవాడు అయితే ఎక్కడ కూర్చోబెట్టాలో మర్యాదల పుస్తకంలో లేదు. ఢిల్లీ మనిషి అయిన రాయబారి గారి భార్య నవ్వి, "నువ్వు మా జట్టే బాబూ, మా బల్ల దగ్గరికి వచ్చేయ్," అని నన్ను భార్యల మధ్య వేసేసింది. నా కుడిచేతి పక్కన జైళ్ళ శాఖ చూసే మంత్రి భార్య. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు ఆవిడ భాష అంతంత మాత్రం. దుబాసీ ఒకరు కావాలి.

టీచరమ్మని దుబాసీగా పెడితే తమ్ముడి జాడ తెలియొచ్చని నేను అనగానే మా ఆవిడ చేతిలోని అట్టముక్క కింద పెట్టేసింది. ఏదైనా తేడా వస్తే ఆవిడ ఉద్యోగానికి అదే మొదలూ చివరా. "టీచరమ్మ గారు వెనక కూర్చుంటే కూర్చోనివ్వండి," అంది చివరికి. "నేను అడిగితే మన ప్రభుత్వం అడిగినట్టు. ఆవిడ అడిగితే తమ్ముడికి ముప్పు. మీకు హోదా లేదు కదా, మీరే ఏదో ఒకటి చెయ్యండి." ఆ దేశంలో ఉన్నన్నాళ్ళూ నాకు దొరికిన గౌరవం అదొక్కటే.

ఆ రోజు టీచరమ్మ ఉతికి ఇస్త్రీ చేసిన బూడిదరంగు దుస్తుల్లో వచ్చి, నా కుర్చీ వెనక చిన్న స్టూలు మీద కూర్చుంది. దుబాసీలకి భోజనం వడ్డించరు. మంత్రి భార్య లావుపాటి మనిషి, నవ్వు ముఖం, మేము పంపిన గుత్తి వంకాయ మళ్ళీ వేయించుకుంది. మా సిటీ రిపోర్టరు ఒకాయన చెప్పేవాడు, ప్రశ్న వేస్తే మనిషి ముడుచుకుంటాడు, తప్పు చెబితే దిద్దడానికి నోరు విప్పుతాడు అని. నాకు వచ్చిన విద్య అదొక్కటే గనక, పెరుగన్నం కలుపుకుంటూ, ఉత్తరాన కొండల్లో ఉన్న పాత జైలు ఎప్పుడో మూసేశారట, మంచి పని చేశారని అన్నాను. వెనకనుంచి టీచరమ్మ ఆ మాటని వాళ్ళ భాషలో పెట్టింది.

మంత్రి భార్య చెంచా కింద పెట్టింది. "ఎవరయ్యా నీకు చెప్పింది? మూసేస్తే మొన్న పండక్కి నేను దుప్పట్లు పంచింది ఎవరికి, కొండలకా?" అని నవ్వింది. అక్కడ అచ్చు యంత్రం కూడా ఉందని, ఓటు ఎలా వేయాలో జనానికి చెప్పే కాగితాలు ఖైదీల చేతే అచ్చువేయిస్తున్నారని గొప్పగా చెప్పింది. అందులో చూపుడువేలు సగం లేని మనిషి ఒకడున్నాడట. "వాడు అక్షరాలు ఏరుతుంటే చూడాలి, అచ్చం కోడి గింజలు ఏరినట్టే," అని తన చెయ్యి వంచి బల్ల మీద పొడుస్తూ చూపించింది. బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు.

ఇదంతా నాకు అర్థమైంది తర్వాత. అప్పటికి వేలు అన్న మాట, కోడి అన్న మాట మాత్రం పోల్చుకున్నాను. టీచరమ్మ చెయ్యి వచ్చి నా కుర్చీ వెన్ను పట్టుకోవడం తెలిసింది. తర్వాత మొదలుపెట్టి, దుప్పట్లు, యంత్రం, సగం వేలు, చివరికి ఆ కోడి హాస్యం కూడా, ఒక్క ముక్క వదలకుండా, పాఠం చెప్పే గొంతుతోనే ఇంగ్లీషులో చెప్పింది. ఆ గొంతు విన్నవాళ్ళకి ఏమీ తెలిసేది కాదు. నా వీపుకి మాత్రం కుర్చీ సన్నగా వణకడం తెలుస్తూనే ఉంది. మంత్రి భార్య నా నవ్వు కోసం నాకేసి చూస్తోంది. నవ్వాను.

మర్నాడు మామూలు వేళకే పాఠానికి వచ్చింది. పుస్తకం తెరిచి, మళ్ళీ మూసి, "చలికి వాడికి ఆ వేలు సలుపుతుంది. దుప్పటి అందిందన్నమాట," అంది. అంతకుమించి ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు.

ఎన్నికలు జరిగాయి, పాతవాళ్ళు ఓడిపోయారు, జైలు తలుపులు తెరిచారు. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఒకసారి మా ఇంటికి వచ్చింది. అక్కకంటే పెద్దవాడిలా కనిపించాడు. కాఫీ తాగి, చాలాసేపు గోడల వంక చూసి, వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఓటు ఎలా వేయాలో ఊరందరికీ అచ్చువేసి ఇచ్చాను గానీ ఖైదీని గనక నాకు ఓటు లేదు, వచ్చేసారి వేస్తాను అంటున్నాడని టీచరమ్మ చెప్పింది. ఈసారి గొంతు నిలవలేదు.

వచ్చేసారి రాకముందే మళ్ళీ సైనికులు వచ్చారు. అప్పటికి మేము ఇంకో ఖండంలో ఉన్నాం, రేడియోలో విన్నాం. నేను రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. ఆ తర్వాత ఎన్ని ఊళ్ళు, ఎన్ని బల్లలు, ఎన్ని అట్టముక్కలు! సెలవు పెట్టిన ఉద్యోగం సెలవులోనే ముగిసిపోయింది. రాయబారిగా రిటైరయిన మా ఆవిడకి ఇప్పుడు మోకాళ్ళ నొప్పి, బిషాన్‌లో మా అమ్మాయి ఫ్లాట్‌లో మా ఇద్దరికీ ఒక గది, చాలు. వార్తలు చూడడం మానేసింది. ఈ మధ్య ఆ దేశంలో మళ్ళీ ఎన్నికల మాట వినపడుతోందని నేను చెప్పబోతే, "ఇంకెన్నిసార్లండీ," అని గదిలోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం చదువుతూనే ఉన్నాను. అలవాటు చావదు.

ఆదివారం సంగతికి వస్తే, నూడుల్స్ దుకాణంలోని చైనా ఆంటీకి ఇంగ్లీషు అంతగా రాదు, మా ఆవిడ గుడ్డు కూడా తినదు. మనవరాలు ఫోను తీసి ఏదో చెప్పింది, ఫోను ఆ మాటనే చైనా భాషలో చదునైన గొంతుతో పలికింది, ఆంటీ తల ఊపి ఏదో అంది, ఫోను దాన్నీ అదే గొంతుతో తిప్పి చెప్పింది. అంతా చిటికెలో అయిపోయింది, ఎవరికీ కష్టం కలగలేదు. నేను దూరం నుంచి ఆ గొంతే వింటున్నాను. ఇంతలో పళ్ళెం తెచ్చి పెట్టి, "ఏమిటా ఆలోచన? తినండి, చల్లారిపోతుంది," అంది మా ఆవిడ. తమ్ముడి వయసు ఇప్పుడెంత ఉంటుందో అన్నాను. ఏ తమ్ముడని ఆవిడ అడగలేదు. టిష్యూ ప్యాకెట్టు తీసి పక్కన పెట్టి, నా ఎదురుగా కూర్చుని, వీపు వాల్చబోయి ఆగింది. ఇక్కడివన్నీ నేలకి బిగించిన గుండ్రటి పీటలు. వెనకనుంచి పట్టుకోవడానికి వాటికి వెన్ను ఉండదు.